కొండల మధ్య కంటిచెరువు

సామర్లకోట వాళ్ళకి స్థలపురాణాలు కొత్త కాదు. తారకాసురుడి మెడలోని శివలింగం అయిదు ముక్కలై అయిదు చోట్ల పడిందనీ, అందులో ఒకటి కుమారారామ భీమేశ్వరుడై మన ఊళ్ళో వెలిసిందనీ చిన్నపిల్లలు కూడా చెబుతారు. పక్కనే ఉన్న పిఠాపురం కథా అలాంటిదే. దక్షయజ్ఞం తర్వాత శివుడు సతీదేవి దేహాన్ని మోసుకుని తిరుగుతుంటే పీఠభాగం అక్కడ పడిందనీ, ఆవిడే పురుహూతికాదేవి అయిందనీ అంటారు. అదే సతీదేవి కన్ను పడిన చోటొకటి ఇక్కడికి రెండువేల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, హిమాలయాల మొదటి మెట్ల మీద ఉంది. కన్ను పడ్డ గుంటలో నీళ్ళు నిండి సరస్సయిందట. నయనం అంటే కన్ను, తాల్ అంటే చెరువు. ఆ రెండూ కలిస్తే నైనితాల్!

మన అష్టాదశ పీఠాల జాబితాలో ఈ ఊరి పేరు కనిపించదు. అయినా అక్కడివాళ్ళ నమ్మకం అక్కడివాళ్ళది. ఒడ్డునున్న నైనాదేవి గుడిలో అమ్మవారిని రెండు కళ్ళ రూపంలో కొలుస్తారు. మరో కథ కూడా ఉంది. అత్రి, పులస్త్య, పులహ మహర్షులు ముగ్గురూ దాహంతో ఇక్కడికి వచ్చి, నీళ్ళు దొరక్క గొయ్యి తవ్వి, మానససరోవరం నీటితో నింపారట. అందుకే పురాణాల్లో దీని పేరు త్రిరుషి సరోవరం. దాహం తీర్చుకోవడానికి తవ్విన చెరువన్న ఈ రెండో కథే నాకు ఎక్కువ నచ్చింది. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఊరు ఉత్తరాఖండ్‌లోని కుమావూ ప్రాంతంలో ఉంది. సరస్సు నీటిమట్టమే సముద్రానికి 1,900 మీటర్లకు పైన. పొడవు కిలోమీటరున్నర లోపు, వెడల్పు అర కిలోమీటరు లోపు. బాగా లోతైన చోట 27 మీటర్లు ఉంటుంది. అంటే తొమ్మిదంతస్తుల మేడ మునిగిపోతుందన్నమాట. చుట్టూ మూడు వైపులా కొండలు గిన్నె అంచులా లేచి ఉంటాయి. ఆ అంచుల మీద, సందుల్లో, వాలుల్లో ఎక్కడ చూసినా ఇళ్ళే!

గిడ్డంగి దాటి కొండెక్కితే...

సామర్లకోట జంక్షన్ నుంచి ఢిల్లీకి ఇంచుమించు ఒకటిన్నర రోజు. విశాఖపట్నం నుంచి విజయవాడ మీదుగా ఢిల్లీ వెళ్ళే బళ్ళలో మన ఊళ్ళో ఆగేవి చూసి టిక్కెట్టు తీసుకుంటే సరిపోతుంది. ఢిల్లీ నుంచి కాఠ్‌గోదామ్‌కి రాత్రి పూట రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్ ఉంది. తెల్లారేసరికి కొండ మొదట్లో దింపుతుంది. పగలు వెళ్ళాలనుకుంటే శతాబ్ది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఢిల్లీలో ఒక పూట ఆగడం మంచిది. వరసగా రైలు మీద రైలెక్కి, ఆ వెంటనే కొండ మలుపులు తిరిగితే తిన్నది కడుపులో ఉండదు.

కాఠ్‌గోదామ్ అంటే కలప గోదాము. కొండల్లో నరికిన దుంగల్ని ఇక్కడ పోగేసేవారు. 1884లో రైలు ఇక్కడిదాకా వచ్చింది, అక్కడితో ఆగింది. ఈ గోదాము అన్న మాటకి మూలం మన తెలుగు ‘గిడ్డంగి’ గాని, తమిళ ‘కిడంగు’ గాని అయ్యుండొచ్చని నిఘంటువులు రాసినవాళ్ళు కొందరు అంటారు. ఈ లెక్కన హిమాలయాల గుమ్మం దగ్గర బోర్డు మీద మన మాటొకటి వేషం మార్చుకుని కూర్చుందేమో!

అక్కడి నుంచి నైనితాల్ 34 కిలోమీటర్లు. బస్సులున్నాయి, నలుగురు కలిసి మాట్లాడుకునే జీపులున్నాయి. ఈ గంటన్నర ప్రయాణంలో నిద్రపోతే సగం యాత్ర పోయినట్టే. మొదట సాల వృక్షాల అడవి. జ్యోలీకోట్ దాటేలోపే చెట్లు మారిపోతాయి. నిటారుగా, ఎర్రటి బెరడుతో, జానెడుకి మించిన సూదుల్లాంటి ఆకులతో చీడ్ పైన్ చెట్లు కనిపిస్తాయి. ఇంకా పైకి వెళితే అవీ తగ్గి, బాంజ్ అనే సింధూర జాతి చెట్లు గుబురుగా కమ్ముకుంటాయి. చలి మొదలైందంటే బాంజ్ అడవిలోకి వచ్చినట్టే.

చీడ్ అన్న పేరు వినగానే మా అత్తయ్యగారు నవ్వారు. ‘‘చెట్టుకి చీడ పట్టడం విన్నాం గానీ, చెట్టే చీడ అవడం ఏటండీ అల్లుడుగారూ?’’ అన్నారు. తమాషా ఏమిటంటే, ఆ కొండల్లో ఆడవాళ్ళు చాలామంది అదే మాట అంటారు. చీడ్ ఆకు రాలి ఎండితే పిరూల్ అంటారు. ఆ ఎండుసూదులు నేలంతా పరుచుకుంటే కింద గడ్డి మొలవదు, వేసవిలో ఒక్క నిప్పురవ్వ పడితే చాలు కొండ కొండంతా అంటుకుంటుంది. 2024 ఏప్రిల్లో నైనితాల్ చుట్టుపక్కల అడవులు అలాగే తగలబడితే, వైమానిక దళం హెలికాప్టరు భీమ్‌తాల్ సరస్సులో బకెట్టు ముంచి నీళ్ళు తెచ్చి పోయాల్సొచ్చింది. బాంజ్ చెట్టు అలా కాదు. దాని వేళ్ళు నీటిని పట్టి ఉంచుతాయనీ, బాంజ్ ఉన్న చోటే ఊటలుంటాయనీ కొండవాళ్ళ నమ్మకం.

మన ఊరి డాక్టరు, ఆ ఊరి చెట్టు

ఈ చీడ్ చెట్టుకి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు పైనస్ రాక్స్‌బర్గై. ఆ రాక్స్‌బర్గ్ ఎవరో కాదు, సామర్లకోటలో పుష్కరకాలం బతికిన మనిషి!

విలియం రాక్స్‌బర్గ్ స్కాట్లండ్‌వాడు. ఈస్టిండియా కంపెనీ సైన్యానికి వైద్యుడు. 1781లో సామర్లకోట దండుకి డాక్టరుగా వచ్చాడు. రోగుల్ని చూడగా మిగిలిన సమయమంతా మొక్కలకే. ఇక్కడ తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క లాంటివి పెంచి చూశాడు. మన రాజమండ్రి సర్కారులో రైతులు చెరకు ఎలా వేస్తారు, గానుగాడి బెల్లం ఎలా వండుతారు అన్నది పూసగుచ్చినట్టు రాసిపెట్టాడు. ఈ ప్రాంతపు మొక్కల బొమ్మలు మనవాళ్ళ చేత గీయించాడు. అవి 1795 నుంచి ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ పేరుతో లండన్‌లో సంపుటాలుగా అచ్చయ్యాయి. గీసిన చిత్రకారుల పేర్లు మాత్రం పుస్తకానికి ఎక్కలేదు.

ఇంకో పని కూడా చేశాడాయన. సామర్లకోటలో కూర్చుని వానా వాతావరణం లెక్కలు రాసుకునేవాడు. 1790 ప్రాంతాల్లో ఈ సర్కార్లలో వరసగా వానలు ఎగ్గొట్టి ఘోరమైన కరువు వచ్చింది. రెండు వందల ఏళ్ళ తర్వాత, పాత ఎల్‌నినోల చరిత్ర తవ్వుతున్న పరిశోధకులకు ఆ లెక్కలు అక్కరకొచ్చాయి. కాటన్ దొర ఆనకట్టకి అరవై ఏళ్ళ కిందటి సంగతి ఇది. అప్పటి గోదావరి జిల్లా అంటే ఆకాశం వైపు చూసే జిల్లాయే.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా కంపెనీ తోటకి పెద్దయ్యాడు. అక్కడ ఉండగానే ఉత్తరాది కొండల్లోని ఈ పొడవాకుల పైన్ చెట్టుకి ‘లాంగిఫోలియా’ అని పేరు పెట్టాడు. ఆ పేరు అప్పటికే ఇంకో చెట్టుకి ఉందని తర్వాత తేలడంతో, 1897లో సార్జెంట్ అనే అమెరికా శాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ పేరే దానికి పెట్టాడు. కింద కనిపించిన సాల వృక్షాల జాతికి షోరియా అన్న పేరు, గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ మీద గౌరవంతో, రాక్స్‌బర్గ్ పెట్టిందే. కాఠ్‌గోదామ్ నుంచి పైకి వెళ్ళే దారిలో రెండు పక్కలా ఉన్న అడవి మీద సామర్లకోట డాక్టరుగారి చేతిరాత ఉందంటే అతిశయోక్తి కాదు. కుమావూ మాత్రం ఆయన చూడలేదు. ఆయన కలకత్తాలో ఉన్నన్నాళ్ళూ అది గూర్ఖాల ఏలుబడిలో ఉంది. 1815లో కుమావూ కంపెనీ చేతికొచ్చింది, అదే ఏడు ఆయన ఎడింబరోలో చనిపోయాడు.

చక్కెర వ్యాపారి పడవ షికారు

రాక్స్‌బర్గ్ చెరకు గురించి రాసి ఊరుకున్నాడు. చక్కెర వ్యాపారం చేసే తెల్లవాడొకడు నైనితాల్ మీద కన్నేశాడు. అతని పేరు బ్యారన్, ఊరు షాజహాన్‌పూర్. 1839లో వేటకని కొండల్లో తిరుగుతూ ఈ సరస్సు దగ్గరికి వచ్చాడని చెబుతారు. అంతకుముందే కుమావూ కమిషనర్ ట్రెయిల్ చూశాడట. కానీ కొండవాళ్ళకి ఇది పవిత్రమైన చోటని తెలిసి నలుగురికీ చాటలేదట. బ్యారన్‌కి అలాంటి మొహమాటం లేదు. 1841లో ‘యాత్రికుడు’ అనే మారుపేరుతో కలకత్తా పత్రికలో రాసేశాడు. ఇక జనం ఆగుతారా?

ఈ నేలంతా నర్‌సింగ్ అనే స్థానిక పెద్దది. సరస్సు చుట్టూ ఏటా జాతర జరిగేది తప్ప, ఊరంటూ లేదు. అమ్మనని ఆయన పట్టుబట్టాడు. బ్యారన్ కింది నుంచి ఒక పడవని మనుషుల చేత మోయించుకొచ్చి సరస్సులో దింపాడు. షికారుకి రమ్మని నర్‌సింగ్‌ని ఎక్కించుకున్నాడు. నడిమధ్యకి వెళ్ళాక, ఈ సరస్సు మీద హక్కు నాకు రాసిస్తావా, ముంచెయ్యమంటావా అన్నాడు. పాపం, కొండమనిషికి ఈతేం వచ్చు! బ్యారన్ జేబు పుస్తకంలోనే పెన్సిల్‌తో సంతకం పెట్టించుకున్నాడు. ఈ ఘనకార్యాన్ని దాచుకోకుండా తనే గొప్పగా రాసుకున్నాడు. తర్వాత నర్‌సింగ్‌కి అక్కడే నెలకి అయిదు రూపాయల జీతం మీద పట్వారీ ఉద్యోగం ఇచ్చారట. తన నేల లెక్కలు తనే రాసే ఉద్యోగం!

ఈ కథని పడవ నడిపే అబ్బాయి మాకు హిందీలో, తెడ్డు ఆపి మరీ చెప్పాడు. సరిగ్గా సరస్సు మధ్యలో. మా చిన్నది గట్టిగా పడవ అంచు పట్టుకుంది.

కొండ జారిన రోజు

ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఊరు నలభై ఏళ్ళలో పెరిగి పెద్దదైంది. హోటళ్ళు, చర్చి, క్లబ్బు, ఇళ్ళు. కొండ వాలుని చెక్కి, చెట్లు కొట్టి కట్టినవే అన్నీ. 1880 సెప్టెంబరులో వాన మొదలైంది. శుక్ర, శనివారాల్లో 33 అంగుళాలు కురిసింది. కాకినాడ చుట్టుపక్కల ఏడాది పొడుగునా పడే వానలో దాదాపు ముప్పాతిక వంతు, రెండు రోజుల్లో!

18వ తేదీ శనివారం పొద్దున విక్టోరియా హోటల్ వెనక కొంత కొండ జారి కొందరు కూరుకుపోయారు. వాళ్ళని తీయడానికి సిపాయిలు, కూలీలు, ఊళ్ళోవాళ్ళు పరిగెత్తారు. మధ్యాహ్నం వాళ్ళు ఆ పనిలో ఉండగానే పై కొండ విరిగి మొత్తం మీద పడింది. హోటలు, దుకాణం, సభామందిరం, ఒడ్డునున్న నైనాదేవి గుడి క్షణాల్లో కొట్టుకుపోయాయి. 151 మంది చనిపోయారు. అందులో 108 మంది భారతీయులు, 43 మంది యూరోపియన్లు. ఎక్కువమంది సాయానికి వెళ్ళినవాళ్ళే.

ఇప్పుడు మల్లీతాల్‌లో పిల్లలు క్రికెట్ ఆడే విశాలమైన మైదానం ఉంది. ఫ్లాట్స్ అంటారు. చాట్ బండ్లు, బుడగలు, టిబెటన్ ఉన్ని దుకాణాలతో సాయంత్రం తిరునాళ్ళలా ఉంటుంది. ఆ మైదానంలో చాలా భాగం ఆనాడు జారిపడిన కొండే. గుడిని 1883లో పక్కకి జరిపి మళ్ళీ కట్టారు. తుపానుల పేర్లు, సంవత్సరాలు నోటికి అప్పజెప్పే మన తీరప్రాంతం వాళ్ళకి ఈ మైదానం మీద నిలబడితే ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ ఉపద్రవం తర్వాతే కొండ వాలుల మీద నాలాలు కట్టారు. వాననీరు మట్టిలోకి ఇంకి కొండని నానబెట్టకుండా నేరుగా సరస్సులోకి దింపడం వీటి పని. రాతితో కట్టిన ఈ కాలువలు అరవైకి పైనే ఉన్నాయి. మాల్ రోడ్డు మీద నడుస్తూ కిందికి చూస్తే కనిపిస్తాయి. ఫొటో తీసుకునే అందం లేదు వాటికి. ఊరు ఇవాళ్టికీ నిలబడి ఉందంటే వాటి వల్లే. పై నుంచి మట్టి, చెత్త, ప్లాస్టిక్ కవర్లు సరస్సులోకి వస్తున్నదీ వాటిలోంచే. 2018 ఆగస్టులో లోయర్ మాల్ రోడ్డు ముక్కే విరిగి సరస్సులో పడింది. 2024 ఆగస్టులో టిఫిన్ టాప్ కొండ మీది డొరోతీ సీటు అనే రాతి అరుగు కూలిపోయింది. పాత గైడు పుస్తకాలు ఇంకా అక్కడికి వెళ్ళమంటాయి, జాగ్రత్త.

తాగే నీళ్ళూ ఇవే

‘‘ఇన్ని నీళ్ళుండి కాలువేదండీ?’’ అని అడిగారు అత్తయ్యగారు పడవ దిగగానే. లాకులు, తూములు, పంటబోదెలు చూస్తూ పెరిగిన మనిషికి ఆ ప్రశ్న రావడం సహజం. మాల్ రోడ్డు వెంట ఒకటిన్నర కిలోమీటరు నడిపించి తల్లీతాల్ తీసుకెళ్ళాను. అక్కడ తూము తలుపులున్నాయి. సరస్సు నిండితే వాటిని ఎత్తి బలియా నాలాలోకి వదులుతారు. (తల్లీతాల్, మల్లీతాల్ అన్న పేర్లు మన చెవికి అమ్మనీ, మల్లెపువ్వునీ గుర్తు చేస్తాయి గానీ, కుమావూ భాషలో తల్లీ అంటే కింది, మల్లీ అంటే పై. అంతే!)

ఇక్కడే నీటిమట్టం కొలిచే గేజీ ఉంది. రోజూ కొలిచి రాస్తారు. ఇందులో సున్నా అంటే సరస్సు ఎండిపోయిందని కాదు. అదొక గీత, అడుగున ఇంకా బోలెడు నీరుంటుంది. వానాకాలం చివర సరస్సు నిండుగా ఉన్నప్పుడు 12 అడుగుల దాకా చూపిస్తుంది. 2017 వేసవిలో నీళ్ళు ఆ సున్నా గీత కిందికి దిగిపోయాయి. ఒడ్డున మట్టి దిబ్బలు తేలి, పడవలు బురదలో నిలబడ్డ ఫొటోలు దేశమంతా పత్రికల్లో వచ్చాయి.

పర్యాటకులకి అది ఒక ఫొటో. ఊరివాళ్ళకి అది కుళాయి. ఎందుకంటే నైనితాల్ తాగే నీళ్ళు ఈ సరస్సువే. ఒడ్డున వేసిన బోర్ల నుంచి తోడి, కొండ మీది ట్యాంకులకి ఎక్కించి ఇళ్ళకి, హోటళ్ళకి ఇస్తారు. సరస్సు నీరే ఇసుక, మట్టి పొరల గుండా వడకట్టుకుని ఆ బోర్లలోకి వస్తుంది. మే, జూన్ నెలల్లో మనలాంటివాళ్ళం వేల సంఖ్యలో ఎక్కి వెళ్ళి గీజరు వేసుకుని తలంట్లు పోసుకునే నీళ్ళు అవే. సరస్సు అట్టడుగుకి దిగేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. వేసవికి ముందే కాలువ నీళ్ళతో చెరువులు నింపుకుని, కాలువ కట్టేశాక పొదుపుగా వాడుకునే మన ఊళ్ళవాళ్ళకి ఈ లెక్క విడమర్చి చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే. మన చెరువు నింపడానికి పైన గోదావరి ఉంది. వీళ్ళకి పైన ఆకాశం తప్ప ఇంకేం లేదు.

కాదు, ఇంకోటి ఉంది. దాని పేరు సూఖాతాల్. మల్లీతాల్‌కి పైన, కాలినడకన వెళ్ళగలిగే దూరంలోనే ఉంది. పేరుకి తగ్గట్టు ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిపోయి ఉంటుంది. వానల్లో మాత్రం నిండుతుంది. ఆ నీళ్ళు పగుళ్ళున్న సున్నపురాతి పొరల్లోకి ఇంకి, నేల కింద నుంచి నెమ్మదిగా నెలల తరబడి పెద్ద సరస్సులోకి ఊరుతుంటాయి. నైని సరస్సుకి భూగర్భం నుంచి చేరే నీటిలో పెద్ద వాటా సూఖాతాల్‌దేనని జలశాస్త్రవేత్తల పరిశోధనల్లో తేలింది. అది తెలియని రోజుల్లో, తెలిసిన తర్వాత కూడా, ఎండిన గుంటే కదా అని అందులో ఇళ్ళు కట్టారు, భవనాల రద్దు పోశారు, బళ్ళు నిలిపారు. 2022లో అక్కడి పనుల మీద హైకోర్టు స్టే ఇచ్చేదాకా వెళ్ళింది వ్యవహారం. ఉత్తరాఖండ్ హైకోర్టు 2000 నవంబరు నుంచి ఉన్నది ఈ ఊళ్ళోనే మరి.

మేం వెళ్ళిన రోజు సూఖాతాల్ చూడ్డానికి వచ్చిన పర్యాటకులం మేం అయిదుగురమే. చూడ్డానికి అక్కడ ఏం లేదు, నిజమే. మా పెద్దవాడు ‘‘ఇదేంటి నాన్నా, గ్రౌండులా ఉంది’’ అన్నాడు. పెద్ద సరస్సుకి ఇది అమ్మ అని చెబితే కాసేపు నమ్మలేదు. మీరు వెళితే తప్పకుండా వాడిలాంటివాళ్ళని తీసుకెళ్ళండి. స్నోవ్యూ, జూ, గుహల తోట ఎలాగూ డ్రైవరే చూపిస్తాడు. ఇక్కడికి మాత్రం మీరు అడిగితేనే తీసుకెళతాడు, అదీ వింతగా చూస్తూ.

ఇంకో విశేషం మన జిల్లాలవాళ్ళు ఇట్టే పసిగట్టేది. పడవలో వెళుతుంటే అక్కడక్కడా నీళ్ళు అడుగు నుంచి బుడబుడమని పొంగుతూ కనిపిస్తాయి. ఉడుకునీటి బుగ్గ కాదు. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిరగడం చూసినవాళ్ళకి అర్థమైపోతుంది. మురుగు చేరీ చేరీ సరస్సు అడుగున ప్రాణవాయువు లేకుండా పోయింది. చలికాలంలో పైనీళ్ళు చల్లబడి కిందికి దిగి, అడుగు నీళ్ళు పైకి వచ్చినప్పుడు చేపలు కుప్పలుగా తేలేవి. అందుకని 2007 నుంచి ఒడ్డున కంప్రెసర్లు పెట్టి, గొట్టాల ద్వారా అడుగుకి గాలి పంపుతున్నారు. మన చెరువుల్లో చక్రాలు పైన తిరిగి నీళ్ళు చిలుకుతాయి. ఇక్కడ లోతు ఎక్కువ కాబట్టి గాలినే కిందికి దింపారు. హిమాలయాల్లో సరస్సుకి ఊపిరి అందించే యంత్రం పెట్టాల్సి రావడం చూసి నాకైతే మనసు చివుక్కుమంది. ఆ యంత్రం పెట్టాక చేపలు చావడం తగ్గిందన్నది కూడా నిజమే.

ఎప్పుడు వెళ్ళాలి? ఏం తినాలి?

మే, జూన్‌లో వద్దే వద్దు. శని, ఆదివారాల్లో కార్లని ఊరి బయటే ఆపి బస్సుల్లో పైకి పంపుతున్నారు. గది అద్దెలు రెండింతలవుతాయి. జులై, ఆగస్టుల్లో దారులు జారతాయి. అక్టోబరు, నవంబరు నెలలు బాగుంటాయి. వానలు ఆగి ఆకాశం కడిగినట్టుంటుంది. సరస్సూ నిండుగా ఉంటుంది. పొద్దున్నే 2,270 మీటర్ల ఎత్తున్న స్నోవ్యూకి వెళితే 7,816 మీటర్ల నందాదేవి, పక్కనే త్రిశూల్ తెల్లగా కనిపిస్తాయి. పది గంటలు దాటితే మబ్బు మూసేస్తుంది కాబట్టి టిఫిన్లు తర్వాత చేసుకోవచ్చు. సంక్రాంతి చలికే బొంత వెతుక్కునే మనవాళ్ళకి సాయంత్రాలు స్వెట్టరు, మఫ్లరు, సాక్సు తప్పనిసరి. సరస్సు చుట్టూ నడవాలంటే మాల్ రోడ్డు కన్నా అవతలి ఒడ్డున ఉన్న ఠండీ సడక్ మేలు. ఎండ తక్కువ, బళ్ళ గోల లేదు, చెట్ల నీడ ఉంది.

తిండి సంగతి. హోటళ్ళలో రొట్టెలు, పనీరు ఎక్కడైనా దొరుకుతాయి గానీ, కుమావూవాళ్ళు ఇళ్ళల్లో తినేది మనలాగే అన్నం. నల్ల సోయా గింజలతో కాచే భట్ కీ చుడకానీ అనే పులుసులాంటిది అన్నంలో కలుపుకుంటే బ్రహ్మాండంగా ఉంటుంది. అడిగితే కొన్ని చోట్ల వండిపెడతారు. బంగాళాదుంప వేపుడు ఆలూ గుట్కే, దాంట్లోకి ఎర్రమిరపకాయ. అల్మోడా బాల్ మిఠాయి పేరు అందరూ చెబుతారు. కోవాని మాడేదాకా వేయించి, పైన చక్కెర గుళ్ళు అద్దుతారు. కాకినాడ కాజాకి అలవాటుపడ్డ నాలుకకి రెండు ముక్కలు చాలు.

ఒక రోజు మిగిలితే భీమ్‌తాల్, సాత్‌తాల్, నౌకుచియాతాల్ సరస్సులు చూసి రావచ్చు. నైనితాల్ కన్నా ప్రశాంతంగా ఉంటాయి. పులుల వేటగాడు జిమ్ కార్బెట్ 1875లో పుట్టింది నైనితాల్లోనే. చలికాలం గడిపిన ఆయన ఇల్లు కింద కాలాఢూంగీలో ఇప్పుడు మ్యూజియం. భవాలీ దగ్గర ఘోడాఖాల్‌లో గోలూ దేవత గుడి మాత్రం వదలకండి. ఈయన కుమావూవాళ్ళకి న్యాయమూర్తి. కష్టం వచ్చినవాళ్ళు అర్జీ రాసి గుళ్ళో కట్టి వెళతారు. కొందరు స్టాంపు కాగితం మీద కూడా రాస్తారు. పని అయితే గంట కడతారు. చేతి వేలంత చిన్నవి మొదలుకుని మనిషి ఎత్తలేనంత పెద్దవి దాకా వేల గంటలు గుడి నిండా వేలాడుతుంటాయి. గాలి వీచిందంటే అన్నీ ఒక్కసారి మోగుతాయి. పొలం గట్టు తగాదాలు, ఉద్యోగాలు, కోడలి మీద ఫిర్యాదులు, అల్లుడి మీద ఫిర్యాదులు... హైకోర్టులో వాయిదా పడ్డవాళ్ళు కూడా ఇక్కడికొచ్చి అర్జీ పెడతారని మా డ్రైవరు చెప్పాడు.

అత్తయ్యగారు కాగితం, పెన్ను అడిగి ఓ మూల కూర్చుని పది నిమిషాలు రాశారు. మడిచి, దారంతో కట్టి వచ్చారు. ఏం రాశారని పిల్లలు వెంటపడితే చెప్పలేదు. తెలుగులో రాస్తే ఆ దేవుడికి తెలుస్తుందా అని నేనడిగాను.

‘‘పిఠాపురం అమ్మవారికీ, ఇక్కడి అమ్మవారికీ చుట్టరికం ఉన్నప్పుడు ఈయనకి తెలుగు రాకుండా ఎలా ఉంటుందండీ అల్లుడుగారూ?’’ అని, చెప్పులేసుకుని బండెక్కేశారు.